ఈ ఆవు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు: పశుసంవర్ధక శాఖకు ఒక పాల కేంద్రం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పశుసంవర్ధక శాఖల ఉన్నతాధికారులకు, పశువ్యాధుల నిఘా చూసే శాస్త్రవేత్తలకు, పాల డెయిరీల యాజమాన్యాలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను రాయలసీమలో ఒక చిన్న ఊళ్లో పాల సేకరణ కేంద్రం నడుపుతున్నాను. మాకు నాలుగు ఆవులు ఉండేవి, ఇప్పుడు రెండు ఉన్నాయి. పొద్దున, సాయంత్రం కలిపి అరవై ఇళ్ల పాలు నా చేతి మీదుగా క్యాన్లలోకి పోతాయి. ఎవరింటి నుంచి ఎన్ని లీటర్లు వచ్చాయో, ఫ్యాట్ ఎంత ఉందో పూటపూటకూ రిజిస్టర్లో రాస్తాను. మా ఊరి గురించి ఈ లేఖలో చెప్పేదంతా ఆ రిజిస్టరు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

లంపీ స్కిన్, అంటే మనవాళ్లు ముద్దచర్మ వ్యాధి అంటున్న రోగం, మా ఊరికి 2022లో దసరా దాటాక వచ్చింది. దాని మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. రెండు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను, ఒకటి పోస్టులో పంపాను. మొదటి రెండింటికీ అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఎవరూ మా ఊరికి రాలేదు, ఏం పరిష్కారమైందో చెప్పలేదు. పోయిన వానకాలం పక్క ఊళ్లో మళ్లీ ఆవుల ఒంటి మీద గడ్డలు లేచాయి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

కింది స్థాయిలో పనిచేసే పశువైద్య సిబ్బంది మీద నాకు కోపం లేదు. వర్షంలో బండి మీద ఊరూరూ తిరిగి టీకాలు వేసేది వాళ్లే, అర్ధరాత్రి ఈనలేక అవస్థ పడే ఆవు దగ్గరికి వచ్చేదీ వాళ్లే. నేను అడిగేది వాళ్ల పైన ఉన్నవాళ్లను.

మా ఊళ్లో ఏం జరిగిందో ముందు చెబుతాను.

మా వీధి చివరి ఇంటాయన ఆ నెల మొదట్లో పక్క రాష్ట్రం సంతలో ఒక హెచ్‌ఎఫ్ (ఎక్కువ పాలిచ్చే విదేశీ జాతి) ఆవును కొన్నారు. రెండో ఈత ఆవు, పూటకు ఏడు లీటర్లు ఇచ్చేది. అప్పు చేసి కొన్నది. పది రోజులు బాగానే పాలు పోశారు. ఆ తర్వాత ఒక పూట మూడు లీటర్లే వచ్చాయి. మరుసటి రోజు రెండు. ఆ అంకెల పక్కన నేనే పెన్సిలుతో "జ్వరం" అని రాసుకున్నాను. అప్పటికి ఒంటి మీద ఒక్క గడ్డ కూడా లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, మేత ముట్టడం లేదు, నెమరు వేయడం లేదు. మూడో రోజుకు మెడ మీద, పొదుగు మీద, కాళ్ల మీద రూపాయి బిళ్లలంత గడ్డలు లేచాయి. గంగడోలు వాచింది. ముందుకాళ్లు వాచి నిలబడలేకపోయింది. రెండు వారాలు తిరిగేసరికి పక్కింటి ఆవుకు, ఎదురింటి ఆవుకు అంటింది. దీపావళి దాటి కొన్నాళ్లకు పద్నాలుగు ఇళ్ల పాలు సగానికి పడిపోయినట్టు నా రిజిస్టర్లో ఉంది. అందులో మా ఇల్లు కూడా ఒకటి.

పాలు పడిపోయిన రెండో రోజే నేను పశువైద్య సిబ్బందికి ఫోన్ చేశాను. వాళ్లు ఆరో రోజు వచ్చారు. జ్వరానికి ఇంజక్షన్ వేశారు, పగిలిన గడ్డలకు పూయడానికి మందు ఇచ్చారు, జబ్బు చేసినవాటిని వేరుగా కట్టమన్నారు. శ్రద్ధగానే చూశారు. కానీ ఈ ఆవు ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు. ఎవరి బండిలో వచ్చింది, ఆ బండిలో ఇంకా ఎన్ని ఆవులున్నాయి, అవి ఏ ఊళ్లలో దిగాయి అని అడగలేదు.

ఆ రోజు అడిగి ఉంటే జవాబు అక్కడే దొరికేది. దళారి ఫోన్ నంబరు కొన్న రైతు దగ్గర ఉంది. నేనే ఆ దళారికి ఫోన్ చేశాను. తన పుస్తకం చూసి చెప్పాడు. బండిలో ఆరు ఆవులు వచ్చాయి. ఒకటి మా ఊళ్లో, మూడు ఒక ఊళ్లో, రెండు ఇంకో ఊళ్లో దిగాయి. ఆ రెండు ఊళ్లూ వేరే మండలంలోవి. ఆ సంగతి మా పశువైద్య సిబ్బందికి చెబితే "అది మా పరిధి కాదమ్మా" అన్నారు. అయితే ఎవరి పరిధి అని అడిగితే ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఎవరూ ఎత్తలేదు. పది పన్నెండు రోజులకు ఆ రెండు ఊళ్లలోనూ రోగం మొదలైందని మా బంధువుల ద్వారా తెలిసింది. నేను చెప్పిన రోజే ఎవరైనా వెళ్లి ఆ అయిదు ఆవులను వేరుగా కట్టించి ఉంటే అన్నీ బతికేవని నేను అనను. ఆ ఊళ్లవాళ్లకు మాత్రం ముందే తెలిసేది. కొట్టాల్లో పొగ పెట్టుకునేవాళ్లు, కొత్త ఆవును మందలో కలపకుండా ఉండేవాళ్లు, చుట్టుపక్కల టీకా అడిగేవాళ్లు.

ఇది మన నేల మీద పుట్టిన రోగం కాదు. 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో మొదట గుర్తించారు. చాలా దశాబ్దాలు ఆఫ్రికా దాటలేదు. తర్వాత పశ్చిమాసియాకు, అక్కడి నుంచి టర్కీకి, 2015లో గ్రీస్‌కు, 2016లో బాల్కన్ దేశాలకు పాకింది. 2019లో బంగ్లాదేశ్‌లో కనిపించింది, అదే ఏడాది ఆగస్టులో ఒడిశాలో. అంటే మన శ్రీకాకుళం పక్క రాష్ట్రంలోనే. 2020లో హైదరాబాద్‌లో తీసిన నమూనాల్లో కూడా వైరస్ దొరికింది. 2022లో గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి దేశమంతా చుట్టేసింది. ఆ ఒక్క ఏడాదిలో చనిపోయిన పశువులు ప్రభుత్వ లెక్కల్లోనే లక్షన్నర దాటాయి. దాదాపు సగం రాజస్థాన్‌లోనివే. ఒడిశాలో మొదటి కేసుకు, ఈ విధ్వంసానికి మధ్య మూడేళ్లు ఉన్నాయి. ఆ మూడేళ్లలో పశువుల రాకపోకలను కనిపెట్టి చూసే ఏర్పాటు ఊరి స్థాయి దాకా వచ్చి ఉంటే మా వీధి చివరి ఇంటాయన కొన్న ఆవు వెనకాల ఎవరో ఒకరు వచ్చి ఉండేవారు.

రోగాన్ని మోసేవి దోమలు, కుట్టే ఈగలు, పిడుదులు. అవి ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి, ఒక ఊరి నుంచి పక్క ఊరికి మోస్తాయి. వంద కిలోమీటర్ల అవతలికి రోగం ఒక్కసారిగా దూకిందంటే దాదాపు ప్రతిసారీ పశువును బండి ఎక్కించి తెచ్చినట్టే. జ్వరం కనిపించడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు. అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ 28 రోజుల గడువు లెక్కవేయమంటుంది. అంటే సంతలో నిగనిగలాడుతూ కనిపించిన ఆవు ఒంట్లో అప్పటికే వైరస్ ఉండొచ్చు. కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. పుస్తకాల్లో ఉన్న జాడ పట్టుకుంటేనే తెలుస్తుంది.

ఈ పని మన దేశానికి కొత్త కాదు. రిండర్‌పెస్ట్, మన పెద్దలు ముసర రోగం అనేది, ఒకప్పుడు మందలకు మందలను తుడిచిపెట్టేది. దాన్ని పోగొట్టడానికి టీకా ఒక్కటే సరిపోలేదు. సిబ్బంది ఊరూరా వెతికారు. పశువులు నడిచే దారుల వెంట వెతికారు. ఆసుపత్రుల రోజువారీ పుస్తకాలు తిరగేశారు. 1995 తర్వాత మన దేశంలో ఆ రోగం కనిపించలేదు. 2006లో భారత్‌కు ఆ రోగం లేదని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతా లేదని ప్రకటించారు. సెల్‌ఫోన్ లేని రోజుల్లో మీ శాఖలో పనిచేసిన పెద్దలు చేసిన పని అది. ఆ పుస్తకాలు తిరగేసే అలవాటు ఇప్పుడు ఎందుకు పోయిందో నాకు అర్థం కావడం లేదు.

ఇక మా మీద పడిన కష్టం, దానితోపాటు మేం అడిగేది వరుసగా రాస్తాను.

1. జాడ తీయడం ఎవరి బాధ్యతో రాతపూర్వకంగా చెప్పండి.

కొత్త రోగం అనుమానం ఉన్న మొదటి పశువును చూసిన రోజే నాలుగు సంగతులు రాసుకోవాలి. గత 28 రోజుల్లో ఈ కొట్టానికి ఏ పశువు వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఏ బండిలో వచ్చింది, ఇక్కడి నుంచి ఏ పశువు ఎక్కడికి పోయింది. ఇది వెనక జాడ, ముందు జాడ. రాసినది ఇరవై నాలుగు గంటల్లో ఆ పశువులు దిగిన మండలానికి చేరాలి. అది వేరే జిల్లా అయినా, వేరే రాష్ట్రమైనా చేరాలి. కర్ణాటకలోని చింతామణి, తమిళనాడులోని ఈరోడ్ సంతల్లో కొన్న ఆవులు మా ఊళ్లకు వస్తాయి, రాయలసీమ దాటి తెలంగాణ దాకా పోతాయి. హర్యానాలోని రోహ్‌తక్ వైపు నుంచి ముర్రా గేదెలు అంత దూరం దాటి వస్తాయి. ఆవులు రాష్ట్రాలు దాటుతున్నప్పుడు కబురు మండలం దాటకపోతే ఎలా?

బ్రిటన్‌లో 2001లో గాలికుంటు వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. ఫిబ్రవరి 20న మొదటి కేసు నిర్ధారణ అయ్యేసరికే జబ్బు సోకిన గొర్రెలు హెక్సామ్, లాంగ్‌టౌన్ సంతల మీదుగా దేశమంతా పోయాయి. అప్పటికే కనీసం 57 ఫారాలకు రోగం చేరిందని తర్వాత విచారణలో తేలింది. పశువుల రవాణా ఆపింది ఫిబ్రవరి 23న. చివరికి అరవై లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. దాని తర్వాతే అక్కడ ఒక నిబంధన గట్టిగా పెట్టారు. కొత్తగా గొడ్డునో గొర్రెనో తెచ్చిన రైతు ఆరు రోజుల పాటు తన దగ్గరి పశువులను బయటకు పంపకూడదు. మన దగ్గర పొద్దున సంతలో కొన్న ఆవు సాయంత్రానికి ఇంకో దళారి చేతికి పోతోంది, మర్నాడు మూడో ఊళ్లో ఉంటోంది.

2. చెవిపోగు నంబరును పనిలోకి తీసుకోండి.

మా ఆవుల చెవులకు పన్నెండంకెల పోగులు వేశారు. భారత్ పశుధన్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఆవు వివరాలు వస్తాయని చెప్పారు. మంచి ఏర్పాటు. కానీ ఆవు చేయి మారినప్పుడు ఆ మార్పు ఎవరూ ఎక్కించడం లేదు. మా వీధి చివరి ఇంటాయన కొన్న ఆవు చెవికి పోగు ఉంది. అది ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. ఆయన కూడా సంతలోనే అమ్మాడు. సంత గేటు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, అమ్మినవాడి పేరు, కొన్నవాడి ఊరు, బండి నంబరు ఎక్కించే ఏర్పాటు చేయండి. రశీదు ఎలాగూ రాస్తారు కదా, దాని మీదే చెవిపోగు నంబరు కూడా రాస్తే సగం పని అయిపోతుంది.

3. పాల రిజిస్టర్లను చూడండి.

ఈ పాయింటు మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నాకు తెలిసిన పని.

గడ్డలు లేవకముందే పాలు పడిపోతాయి. గాలికుంటులోనూ అంతే. డాక్టరు గారికి తెలియడానికి ముందు నాకు తెలుస్తుంది, నా కంటే ముందు ఆ ఇంటి ఆడమనిషికి తెలుస్తుంది. పొద్దున పొదుగు దగ్గర కూర్చున్న ఆమె చేతికే ఆవు ఒళ్లు కాలుతున్న సంగతి మొదట తెలుస్తుంది. ఆమెను ఎవరూ అడగరు. పశువు మగవాళ్ల పేరు మీద ఉంటుంది, అడిగితే మగవాళ్లనే అడుగుతారు. వాళ్లు ఆ టైంలో పొలంలో ఉంటారు.

ఇప్పుడు చాలా కేంద్రాల్లో పాలు తూచే మిషన్ ఉంది. రైతు కోడ్ నొక్కితే లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థం) అన్నీ నేరుగా డెయిరీ కంప్యూటర్‌కు పోతాయి. పది రోజులకోసారి బిల్లు దాని మీదే వేస్తారు. ఒకే ఊళ్లో రెండు మూడు ఇళ్ల పాలు రెండు రోజుల్లో సగానికి పడితే ఆ మండల పశువైద్యుడి ఫోనుకు ఒక మెసేజ్ పోయేలా చేయడం పెద్ద ఖర్చు కాదు. పడిన ప్రతిసారీ రోగమే కాకపోవచ్చు. ఎద కావచ్చు, దాణా మారి ఉండొచ్చు, ఆవు చూడిదై ఎండిపోతూ ఉండొచ్చు. అడిగితే నిమిషంలో తేలిపోతుంది. డెయిరీ యాజమాన్యాలను ఈ లేఖలో పేర్కొన్నది అందుకే. మా పాల మీద మీకు లెక్క ఉంది. ఆ లెక్కను మా పశువుల కోసం కూడా వాడండి.

బెంగళూరులో పశువ్యాధుల లెక్కలు చూసే జాతీయ సంస్థ నివేడి, కొన్ని ముఖ్యమైన రోగాలు ఏ జిల్లాలో రావచ్చో రెండు నెలల ముందే హెచ్చరిక ఇస్తుందని తెలిసింది. ఆ హెచ్చరిక జిల్లా ఆఫీసు దాటి ఒక్కసారి కూడా నా పాల కేంద్రం దాకా రాలేదు. కేంద్రం గోడ మీద దాణా ధరలు అతికిస్తాం, పాల రేటు అతికిస్తాం. ఈ హెచ్చరిక కూడా అతికిస్తాం, పంపించండి.

4. చనిపోయిన ప్రతి పశువును లెక్కలోకి ఎక్కించండి, దానికి పరిహారం ఇవ్వండి.

మా ఊళ్లో లంపీతో చనిపోయినట్టు లెక్కలో ఉన్నవి రెండు. నాకు తెలిసి చనిపోయినవి తొమ్మిది. తేడా ఎక్కడంటే, ఏడింటిలో అయిదు దూడలు. వాటికి చెవిపోగు లేదు కాబట్టి అవి లేనట్టే లెక్క. మిగతా రెండూ రాత్రి చనిపోయాయి, పొద్దున్నే జేసీబీ పిలిచి గుంత తీసి పూడ్చేశారు. పోస్టుమార్టం లేదు, ఫొటో లేదు. చూడి ఆవులు ఈసుకుపోయినవి, పొదుగు చెడి పాలకు పనికిరాకుండా పోయినవి ఎక్కడా ఎక్కలేదు. మా ఊరి రోగం పైఆఫీసు కాగితం మీద రెండు ఆవుల జబ్బు. అందుకే మా చుట్టుపక్కల ఊళ్లకు టీకా ఆలస్యమైందని నేను నమ్ముతున్నాను.

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం జబ్బు అనుమానం రాగానే చెప్పాల్సిన బాధ్యతను పశువు యజమాని మీద పెట్టింది. సరే, చెబుతాం. చెప్పిన రైతుకు ఏం జరుగుతుందో కూడా చూడండి. ఊరు పేరు బయటపడుతుంది, సంత మూతపడుతుంది, ఆవును కొనేవాడు ఉండడు, చచ్చిపోతే రూపాయి రాదు. చెప్పనివాడు జ్వరం తగిలిన రోజే దళారికి సగం ధరకు అమ్మేస్తాడు. ఆ ఆవు ఇంకో ఊళ్లో దిగుతుంది. నిజం చెప్పినవాడే నష్టపోతున్నంత కాలం ఏ నిఘా నిలబడదు. మహారాష్ట్రలో 2022లో లంపీతో చనిపోయిన పాడి ఆవుకు 30,000 రూపాయలు ఇచ్చారు. రాజస్థాన్‌లో 40,000 ఇచ్చారు. కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చంపిన కోళ్లకు పరిహారం ఇచ్చే పద్ధతి మన దగ్గర ఇప్పటికే ఉంది. మా ఇంట్లో రెండు ఆవులు పోయాక నెలకు దాదాపు తొమ్మిది వేల పాల బిల్లు ఆగిపోయింది. డ్వాక్రా వాయిదా ఆగలేదు. మా అమ్మాయి హాస్టల్ ఫీజు ఆగలేదు. పది రోజులకోసారి బిల్లు వచ్చే రోజు దగ్గర పడితే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

5. పరీక్ష ఫలితం ఊరికి చెప్పండి.

మా ఊళ్లో ఒక ఆవు గడ్డ మీది పొక్కు, రక్తం తీసుకుని పోయారు. ఫలితం ఏమైందో ఈ రోజుకీ తెలియదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు భోపాల్‌లోని ప్రయోగశాల నిర్ధారణ రాగానే కిలోమీటరు పరిధి, పది కిలోమీటర్ల పరిధి గీసి పేపర్లో వేశారు. కోళ్ల విషయంలో చేయగలిగినది ఆవుల విషయంలో ఎందుకు చేయలేరు? లంపీకి కూడా రోగం వచ్చిన చోటు చుట్టూ అయిదు కిలోమీటర్ల మేర టీకా వేయాలని, పది కిలోమీటర్ల లోపు సంతలు ఆపాలని కేంద్రం సూచనల్లోనే ఉంది. ఆ గీత మధ్యలో చుక్క ఎక్కడ పెట్టారో మాకు తెలియాలి కదా.

నమూనాలు ఒక్క నిర్ధారణకే కాదు, జాడకు కూడా పనికొస్తాయి. బెంగళూరులోని ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) శాస్త్రవేత్తలు 2022 నాటి వైరస్ జన్యువులను చదివి రెండు రకాలు తిరుగుతున్నాయని కనుక్కున్నారు. ఒకటి అంతకుముందు రాంచీలో, హైదరాబాద్‌లో దొరికినదానికి దగ్గరిది. రెండోది 2015లో రష్యాలో దొరికినదాన్ని పోలి ఉంది. మా ఊరి ఆవులో ఏది ఉందో తెలిస్తే అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలిసేది. తీసిన నమూనాలన్నీ చదవనక్కర్లేదు, జిల్లాకు కొన్నయినా చదివించండి.

6. టీకా వానలకు ముందే వేయండి, ఆవుకో సూది వాడండి.

ఇప్పుడు వేస్తున్నది మేకల మశూచికి తయారైన టీకా. లంపీ వైరస్‌కు అది దగ్గరి చుట్టం కాబట్టి పనిచేస్తుంది. హైదరాబాద్‌లోనే తయారవుతోంది. లంపీ కోసమే హిస్సార్, ఇజత్‌నగర్‌లలోని పశు పరిశోధన సంస్థలు చేసిన టీకాను 2022 ఆగస్టులో ప్రకటించారు. బయోవెట్ కంపెనీ చేసిన ఇంకో టీకాకు 2025లో అనుమతి వచ్చింది. మా దాకా ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పండి. 2016లో బల్గేరియా రోగం మొదలైన కొన్ని నెలల్లోనే దేశంలోని ఆవులన్నిటికీ టీకా వేసి ఆ విడతను ఆపేసింది. మనకున్న పశువుల సంఖ్యకు అంత వేగం కష్టమే, ఒప్పుకుంటాను. దేశంలో పందొమ్మిది కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు ఉన్నాయి. అందుకే జాడ ముఖ్యం. అందరికీ ఒకేసారి వేయలేనప్పుడు ముందు ఎక్కడ వేయాలో జాడే చెబుతుంది.

మా ఊళ్లో టీకా వేసినప్పుడు ఒకే సూదితో వరుసగా ఆవులకు వేయడం కళ్లారా చూశాను. అప్పటికే జ్వరం ఉన్న ఆవు ఆ వరుసలో లేదని ఎవరు చెప్పగలరు? సూదులు సరిపోను పంపకపోతే వేసేవాళ్లు మాత్రం ఏం చేస్తారు?

7. పాల గురించి పుకార్లకు మీరే ముందుగా జవాబు చెప్పండి.

లంపీ మనుషులకు అంటదు. కాచిన పాలతో ఏ ప్రమాదం లేదు. ఈ మాట మీరు టీవీలో చెప్పి ఉంటే టౌన్‌లో మా పాలు పోయించుకునే పది ఇళ్లవాళ్లు నెల రోజులు మాకు వద్దు అని ఉండేవాళ్లు కాదు. గడ్డల ఆవుల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి, ఆ కింద "పాలు తాగకండి" అని రాసి ఉంది. దాన్ని నమ్మినవాళ్లను నేను తప్పు పట్టను. చెప్పాల్సినవాళ్లు చెప్పనప్పుడు ఎవరు చెప్పినదైనా నమ్ముతారు.

8. సంత మూసేటప్పుడు మాకు కూడా చెప్పండి.

మూయవద్దని నేను అనడం లేదు, మూయాల్సిందే. శుక్రవారం సంతకు గురువారం రాత్రి ఆవును బండి ఎక్కించుకుని పోయిన రైతు గేటు దగ్గర పోలీసును చూసి వెనక్కి తిరిగి వచ్చాడు. రానూపోనూ బండి కిరాయి, దారిలో మేత, నీళ్లు ఆయన నెత్తినే పడ్డాయి. గేటు దగ్గర ఆగిన పాతిక ముప్పై ఆవులు రోడ్డు పక్కన చెట్టు కింద ఒక్కచోటే నిలబడ్డాయి. సంత లోపల జరగకూడదన్నది సంత బయట జరిగింది. రెండు రోజుల ముందు పంచాయతీ మైకులో చెబితే ఎవరూ బండి ఎక్కించరు.

పై ఎనిమిదింటిలో మొదటిది, నాలుగోది వచ్చే వానకాలం లోపు అమలు చేయాలని కోరుతున్నాను. అంటే మొదటి పశువును చూసిన రోజే జాడ ఫారం నింపడం, చనిపోయిన ప్రతి పశువును, దూడలతో సహా, లెక్కలో ఎక్కించి పరిహారం ఇవ్వడం. మిగతావాటికి ఏ అధికారి ఎప్పటిలోగా ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. మెసేజ్ వద్దు, సంతకం ఉన్న కాగితం కావాలి. 1962కు ఫోన్ చేస్తే డాక్టరు బండి వస్తున్న మాట నిజం, అందుకు కృతజ్ఞతలు. ఆ ఫోన్ తీసినవాళ్లు "కొత్త ఆవును ఎప్పుడు కొన్నారు, ఎక్కడ కొన్నారు" అని ఒక్క ప్రశ్న కలిపినా ఈ పని మొదలైనట్టే.

పోయిన వానకాలం రోగం వచ్చిన పక్క ఊరికి నేను స్వయంగా వెళ్లాను. అక్కడి పాల కేంద్రం చెల్లెమ్మ తన రిజిస్టరు నాకు చూపించింది. ఆమె కూడా మొదటి ఇంటి అంకెల పక్కన పెన్సిలుతో రాసుకుంది. మూడు ఇళ్లు, మూడు తేదీలు. వాటిని నా రిజిస్టరు పక్కన పెట్టి జిరాక్స్ తీయించాను. ఈ లేఖతో పాటు రెండు ఊళ్ల పేజీలనూ, దళారి చెప్పిన ఊళ్ల పేర్లనూ మీ ఆఫీసుకు పోస్టు చేస్తున్నాను. రైతుల పేర్లు కొట్టేశాను, కోడ్ నంబర్లు ఉంచాను.

మిగతా రిజిస్టర్లు 2018 నుంచి నా దగ్గరే ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడాలంటే పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు, సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు నేను కేంద్రంలోనే ఉంటాను.

ఇట్లు,
రాయలసీమ నుంచి ఒక పాడి రైతు, పాల సేకరణ కేంద్రం నిర్వాహకురాలు